భాస్వరం నేలలోనే ఉంది, దారే తెగింది

కొత్తగూడెం దాటి పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే రోడ్డు వెంట రెండు రకాల పచ్చదనం కనిపిస్తుంది. ఒకటి మనిషి సాగు చేసేది: పత్తి, మిర్చి, మొక్కజొన్న, జామాయిల్. రెండోది ఎవరూ విత్తనం వేయకుండానే పెరిగినది: టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు కలిసిన అడవి. చాలాచోట్ల రెండింటి కిందా ఉన్నది అదే ఎర్ర చల్క నేల. పడే వాన అదే, మే నెలలో మండే ఎండా అదే. అయినా చేనుకు ఏటా డీఏపీ బస్తాలు మోయక తప్పడం లేదు. అడవికి పిడికెడు ఎరువు వేసినవారు లేరు. ఈ తేడాకు అందరూ చెప్పే కారణం ఒకటుంది. అడవిలో రాలిన ఆకు అక్కడే కుళ్లి మళ్లీ చెట్టుకే చేరుతుంది, చేలో పండింది మార్కెట్‌కు వెళ్లిపోతుంది. ఆ మాట నిజమే, కానీ సగమే నిజం. నేలలో ఉన్న పోషకాన్ని వేరు దాకా చేర్చే జీవులు కొన్ని ఉన్నాయి. అడవి నేలలో అవి నిండుగా బతుకుతున్నాయి, చేలో ఏటేటా చితికిపోతున్నాయి. వేళ్లలో కాపురముండే ఆ శిలీంధ్రాలనే మైకోరైజా అంటారు. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో 'వామ్' అన్న పేరుతో కనిపించేవి వీటిలో ఒక రకం. భాస్వరం కొనడానికి మనం పెడుతున్న డబ్బులో, శ్రద్ధలో కొంతైనా ఈ శిలీంధ్రాలను బతికించుకోవడానికి పెట్టాలన్నది ఈ వ్యాసం చేసే వాదన.

ఎరువుల్లో భాస్వరం కథ వేరు. యూరియాలోని నత్రజని నేలలో మారి నీటితో పాటు కదులుతుంది, ఎక్కువైతే కొట్టుకుపోతుంది కూడా. భాస్వరం కదలదు. ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు దాన్ని పట్టి బిగిస్తాయి. నల్లరేగడిలో ఆ పని సున్నం చేస్తుంది. యాభై కిలోల డీఏపీ బస్తాలో ఆక్సైడ్ లెక్కన 23 కిలోల భాస్వరం ఉంటుంది. అందులో వేసిన పైరుకు ఆ ఏడాది దక్కేది సాధారణంగా నాలుగోవంతుకు మించదు. మిగతాది నేలలో బిగుసుకుపోయి, ఏళ్ల తరబడి పేరుకుంటుంది. మన పొలాల్లో భాస్వరం నిల్వలు పెరిగాయని, మట్టి పరీక్ష చేయించకుండా డీఏపీ గుప్పించవద్దని తెలంగాణ వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నది ఇందుకే. ఈ ఎరువుకు కావలసిన ముడిసరుకులో అధిక భాగం విదేశాల నుంచే వస్తుంది. డాలర్లు పోసి తెచ్చి, ఖజానా నుంచి సబ్సిడీ ఇచ్చి, రైతు అప్పు చేసి కొన్న సరుకులో ఎక్కువ పాలు మట్టిలోనే బందీ అవుతోంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని త్వరగానే తాగేస్తుంది. ఆ తర్వాత అక్కడ ఖాళీయే. వేలెడు దూరంలో నిల్వ ఉన్నా అది కదిలి రాదు, వేరు అంతటా పాకలేదు. చాలా చేలలో మొక్కకు వచ్చే కష్టం ఇదే: సరుకు ఉంటుంది, చేరదు.

ఈ చోటే శిలీంధ్రం అక్కరకొస్తుంది. దాని పోగులు మిల్లీమీటరులో వందో వంతు మందం కూడా ఉండవు. మొక్క వేసే అతి సన్నని వేరు కన్నా ఎన్నో రెట్లు నాజూకైనవి. వేరు దూరలేని మట్టి సందుల్లోకి అవి దూరతాయి. వేరు ఖాళీ చేసిన మేరను దాటి కొన్ని సెంటీమీటర్ల అవతలి దాకా వెళతాయి. బలంగా అల్లుకున్న చోట ఒక్క గ్రాము మట్టిలో మీటర్ల కొద్దీ పోగులుంటాయి. ఆ పొడవు వేరు వేయాలంటే మొక్క తన ఒళ్లంతా కరిగించినా చాలదు. పోగు పీల్చిన భాస్వరం గొలుసులా కూర్చిన రూపంలో దాని లోపలే ప్రయాణించి వేరులోకి చేరుతుంది. వేరు కణం లోపల శిలీంధ్రం చిన్న చెట్టు ఆకారంలో సన్నగా కొమ్మలు వేస్తుంది. శాస్త్రవేత్తలు దాన్ని ఆర్బస్క్యూల్ అంటారు. ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది అక్కడే. భాస్వరంతో పాటు జింక్, రాగి, కొంత నత్రజని కూడా ఈ మార్గంలో వస్తాయి. జింక్ లోపంతో వరి, మొక్కజొన్న పాలిపోవడం మన రైతులు ఏటా చూసేదే కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. పైగా ఈ పోగులు మట్టి రేణువులను కూర్చి పట్టుకుంటాయి. అలా పట్టు దొరికిన నేల వానకు త్వరగా కోసుకుపోదు.

శిలీంధ్రం ఇదంతా ఊరికే చేయదు. ఎండ సాయంతో మొక్క తయారుచేసుకున్న ఆహారంలో కొంత భాగాన్ని దానికి చెల్లించాలి. ఆ చెల్లింపు ఇరవై శాతం దాకా ఉండవచ్చని అంచనా. చక్కెరే కాకుండా కొవ్వు కూడా మొక్కే ఇస్తుందని 2017లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను ఈ శిలీంధ్రం సొంతంగా తయారుచేసుకోలేదు. వేరు లేకపోతే దానికి బతుకే లేదు. టోబీ కియర్స్ బృందం 2011లో 'సైన్స్' పత్రికలో మరో విషయం బయటపెట్టింది. ఎక్కువ భాస్వరం తెచ్చే శిలీంధ్రానికి మొక్క ఎక్కువ చక్కెర ఇస్తుంది, ఎక్కువ చక్కెర ఇచ్చే వేరుకు శిలీంధ్రం ఎక్కువ భాస్వరం తెస్తుంది. ఖమ్మం మిర్చి యార్డులో సరుకు నాణ్యతను బట్టి ధర పలికినట్టే, ఇక్కడా ఇచ్చినదాన్ని బట్టే రాబడి. ఈ పొత్తు నిన్నా మొన్నటిది కాదు. స్కాట్లాండ్‌లోని రైనీ దగ్గర రాతిలో దొరికిన దాదాపు నలభై కోట్ల ఏళ్లనాటి మొక్కల శిలాజాల్లోనూ ఈ చెట్టు ఆకారాలు కనిపించాయి. అప్పటికి మొక్కలకు సరైన వేళ్లే లేవు. నేల మీద మొక్క నిలదొక్కుకోవడంలో శిలీంధ్రం చెయ్యి ఉందని శాస్త్రవేత్తలు నమ్మడానికి ఈ ఆధారం ఒక ప్రధాన కారణం.

ఈ శిలీంధ్రాల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. వేరు కణం లోపలికి చొరబడేవి ఒక రకం. టేకు, వెదురు, మామిడి, మిర్చి, పత్తి, కంది, జొన్న, మొక్కజొన్న వీటితోనే పొత్తు పెట్టుకుంటాయి. ఇవి పుట్టగొడుగులు పూయవు, మట్టిలో కంటికి ఆనవు. తొలకరిలో చెదపుట్టల మీద పూసే పుట్టగొడుగులు వీటివి కావు, అవి చెదపురుగులు పెంచుకునే వేరే జాతి. రెండో రకం వేరు పైన తొడుగులా అల్లుకుంటుంది, కణం లోపలికి వెళ్లదు. కుంట దాటి బస్తర్ లోపలికి వెళ్లి సాల అడవులు చేరుకుంటే ఆ రకం పని కళ్లకే కనిపిస్తుంది. తొలి వానలకు సాల చెట్ల కింద నేలలో ఊరే 'బోడ' అనే ఉండలను అక్కడి ఆదివాసులు తవ్వి సంతల్లో అమ్ముతారు, మంచి ధర పలుకుతుంది. సాల వేళ్లతో పొత్తున్న శిలీంధ్రం కాసే కాయలవి. సాల చెట్టు లేకుండా బోడను సాగు చేయడం ఎవరికీ సాధ్యం కాలేదు. మన జామాయిల్‌కు రెండు రకాలతోనూ పొత్తు కుదురుతుంది. ఆవాలు, క్యాబేజీ, ముల్లంగి, తోటకూర, పాలకూర మాత్రం ఈ పొత్తు జోలికి దాదాపుగా పోవు.

చేలో ఈ జీవం ఎందుకు చితికిపోతోంది? కారణాలు నాలుగు. మొదటిది లోతు దుక్కి. నాగలి, రోటవేటర్ తిరిగిన ప్రతిసారీ పోగుల వల ముక్కలవుతుంది. రెండోది ఖాళీగా వదిలిన నేల. పత్తి కట్టె పీకిన దగ్గర్నుంచి తొలకరి దాకా చేలో బతికున్న వేరు ఉండదు, శిలీంధ్రానికి తిండి ఉండదు. మూడోది మితిమీరిన భాస్వరం. ఎరువు చేతికందేంత దగ్గర్లో ఉన్నప్పుడు మొక్క శిలీంధ్రాన్ని పిలవడం తగ్గించేస్తుంది. నాలుగోది దమ్ము చేసి నీళ్లు నిలిపిన మడి. గాలి ఆడని ఆ బురదలో ఈ శిలీంధ్రం బలహీనపడుతుంది. అడవిలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. ఏ చెట్టు వేరో ఒకటి ఏడాదంతా బతికే ఉంటుంది. కొండరెడ్ల పాత పోడులో కూడా నాగలి లేదు. 1940ల్లో పాపికొండల ప్రాంతంలో వారి మధ్య తిరిగిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్, వాలు మీద తవ్వుకోలతోనే గింజలు నాటే సాగును వర్ణించాడు. మోడులు నేలలోనే ఉండేవి, పైర్లు కలిపి వేసేవారు, కొన్నేళ్లకు ఆ చోటును అడవికే వదిలేసేవారు. నేటి పోడుకు అంత విరామం దొరకడం లేదు. అందుకు కారణం తగ్గిపోయిన భూమే తప్ప ఆదివాసుల తెలివితక్కువతనం కాదు.

శిలీంధ్రం పోతే పైరు కుంగుతుందన్నది ఊహ కాదనడానికి రెండు గట్టి ఆధారాలున్నాయి. అమెరికాలో నిమ్మజాతి నారుమళ్లను తెగుళ్లు రాకుండా విషవాయువుతో శుద్ధి చేసేవారు. తెగులు పోయేది కానీ మొక్కలు గిడసబారేవి, వేసిన భాస్వరం సరిగా అందేది కాదు. నేలలో మైకోరైజా కూడా చచ్చిపోవడమే కారణమని క్లైన్‌ష్మిట్, గెర్డెమాన్ 1972లో నిరూపించారు. శిలీంధ్రాన్ని తిరిగి చేర్చగానే మొక్కలు కోలుకున్నాయి. రెండో ఆధారం మన రేగడి లాంటి నల్ల నేలలదే. ఆస్ట్రేలియాలోని డార్లింగ్ డౌన్స్‌లో కరువు వల్ల ఏడాదికి పైగా బీడుపడిన చేలల్లో తర్వాత వేసిన పైరు వింతగా కుంగిపోయేది. నేలలో తేమ ఉండేది, పోషకాలూ ఉండేవి, అయినా మొక్కలో భాస్వరం, జింక్ లోపం కనిపించేది. వేరు లేని నేలలో శిలీంధ్రం క్షీణించడమే దీనికి మూలమని జె. పి. థాంప్సన్ 1987లో తేల్చాడు. సరుకు ఉండీ చేరకపోవడం అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు.

ఈ వాదనను ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు, వారి వాదన బలమైనదే. మెగన్ రయాన్, జేమ్స్ గ్రాహం 2018లో ఒక సమీక్ష రాశారు. మైకోరైజాను దృష్టిలో పెట్టుకుని రైతు తన సాగు పద్ధతులు మార్చుకోవాలనడానికి పొలం స్థాయిలో చాలినంత ఆధారం లేదన్నారు. దుక్కి తగ్గిస్తే శిలీంధ్రం పెరిగిన మాట నిజమే అయినా దిగుబడి ప్రతిసారీ పెరగలేదన్నది వారి పట్టు. మరుసటి ఏడాది మథియాస్ రిల్లిగ్, మరికొందరు దానికి బదులిస్తూ నేల పట్టును, ఎరువు ఆదాను, దీర్ఘకాల మేలును లెక్కలోకి తీసుకోవాలన్నారు. నా దృష్టిలో ఈ తగువును తేల్చే ఆధారం 2003 నాటిది. శాలీ స్మిత్ బృందం రేడియోధార్మిక భాస్వరంతో ప్రయోగం చేసి, టమాటా మొక్క పెరుగుదలలో ఏ తేడా లేకపోయినా అది తీసుకున్న భాస్వరం దాదాపు అంతా శిలీంధ్రం మార్గంలోనే వచ్చిందని చూపింది. అంటే మొక్క ఎత్తును, గింజ బరువును మాత్రమే కొలిస్తే ఈ పని మనకు కనబడదు. భాస్వరం నిండుగా పోసిన చేలో శిలీంధ్రం లాభం తక్కువగా తేలడమూ సహజమే. కానీ ఆ నిండుదనం కొని తెచ్చినది. బస్తా ధర పెరిగిన నాడు, సరఫరా ఆగిన నాడు ఆ చేను ఎవరి మీద ఆధారపడాలన్నదే అసలు ప్రశ్న.

ఇంకో అభ్యంతరానికీ సూటిగా జవాబివ్వాలి. శిలీంధ్రం భాస్వరాన్ని పుట్టించదు కదా, ఉన్నది తోడేస్తే రేపటికేం మిగులుతుంది? పుట్టించదు, నిజమే. పంటతో పోయినంత ఏదో ఒక రూపంలో నేలకు తిరిగి రావాల్సిందే. పశువుల ఎరువైనా, మట్టి పరీక్ష చెప్పినంత మేరకు డీఏపీ అయినా కావాలి. శిలీంధ్రం చేసేదల్లా వేసినదీ పేరుకున్నదీ వృథా పోకుండా చూడటం. పేరుకున్న నిల్వను వాడుకోవడం కుదిరే పనేనని మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లోనే రుజువైంది. నొరిహారు ఏ, ఆయన సహచరులు 1990లో 'సైన్స్'లో రాసిన వ్యాసం ప్రకారం, ఎర్ర నేలలో ఇనుముతో బిగుసుకున్న భాస్వరాన్ని కంది తన వేళ్ల నుంచి కార్చే ఆమ్లాలతో విడిపించుకోగలదు. ఇది శిలీంధ్రం పని కాదు, కంది సొంత నేర్పు. అయితే కంది మైకోరైజాకు కూడా మంచి చుట్టమే. పత్తి సాళ్ల మధ్య, జొన్న సాళ్ల మధ్య కంది వేసే మన పాత అలవాటులో ఈ రెండు ప్రయోజనాలూ కలిసొస్తాయి. ఏక పంటకు మారినప్పుడు పోయినవి ఇవే.

అలాగైతే మైకోరైజా పొట్లం కొని చల్లితే పోదా అని దుకాణాలు అడుగుతున్నాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వుల్లో దీనికి ప్రమాణాలున్నాయి, మన దేశంలో మంచి తయారీదారులూ ఉన్నారు. టెరీ సంస్థ వేళ్ల ముక్కల మీద దీన్ని ప్రయోగశాలలో పెంచే పద్ధతిని రూపొందించింది. అయినా ఈ జీవిని సీసాలో ఒంటరిగా పెంచలేం, గోదాములో వేడికి చచ్చినా పైకి తెలియదు. విదేశాల్లో అమ్మకంలో ఉన్న సరుకును పరీక్షించినప్పుడు చాలా వాటిలో బతికున్న శిలీంధ్రమే లేదని బయటపడింది. మంచి సరుకు వేసినా ఫలితం నేలను బట్టి మారుతుంది. స్విట్జర్లాండ్‌లో 54 మొక్కజొన్న చేలల్లో చేసి 2023లో ప్రచురించిన ప్రయోగంలో కొన్ని చోట్ల పెరుగుదల 40 శాతం హెచ్చింది, మరికొన్ని చోట్ల 12 శాతం తగ్గింది. కాబట్టి పొట్లం పనికొచ్చేది ముఖ్యంగా నారుమడిలో, శుద్ధి చేసిన కుండీ మట్టిలో, టేకు, మామిడి అంట్ల నర్సరీలో. మిర్చి నారుకు మొలక దశలోనే ఇస్తే తక్కువ సరుకుతో ప్రతి వేరుకూ అందుతుంది. బతికున్న చేలో ఎకరాల కొద్దీ చల్లడం కన్నా అక్కడున్న స్థానిక జాతులను పోషించడమే చవక. అడవి మట్టి తవ్వి తెచ్చి చేలో పోయాలన్న ఆలోచన మాత్రం వద్దు. అడవికి గాయమవుతుంది, మట్టితో పాటు తెగుళ్లూ వస్తాయి.

అడవిలోని శిలీంధ్రాల గురించి ఈ మధ్య మరో రకం ప్రచారం జోరందుకుంది. చెట్లన్నీ భూమిలోపల మాట్లాడుకుంటాయని, తల్లి చెట్టు పిల్లలకు పాలిచ్చినట్టు ఆహారం పంపుతుందని చెబుతున్నారు. 1997లో సుజాన్ సిమార్డ్ కెనడా అడవిలో రెండు జాతుల చెట్ల మధ్య కార్బన్ కదిలిందని చూపిన మాట వాస్తవం. కానీ 2023లో జస్టీన్ కార్స్ట్, మరో ఇద్దరు పరిశోధకులు ఆధారాలన్నీ తిరగేసి, ప్రచారంలో ఉన్న మాటల్లో చాలా వాటికి అడవిలో జరిగిన పరీక్షల మద్దతు లేదని తేల్చారు. ఆ కథలు నిలబడకపోయినా ఇక్కడి వాదనకు లోటేమీ లేదు. శిలీంధ్రం భాస్వరం తెస్తుందన్నది ప్రయోగశాలలోనూ పొలంలోనూ దశాబ్దాలుగా రుజువవుతున్న సంగతి. దానికి పురాణం తోడు చేయనక్కర్లేదు, తోడు చేస్తే నమ్మదగిన మాట కూడా పలచనైపోతుంది.

ఈ ప్రాంతంలో శిలీంధ్రం లేని నేల ఎలా ఉంటుందో చూపించే కఠినమైన నమూనా ఒకటుంది. అవి సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన లేచిన మట్టి గుట్టలు. మణుగూరులో, ఇల్లెందులో, కొత్తగూడెంలో బొగ్గు కోసం తీసి పోసిన ఆ మట్టి భూమి లోతుల్లోంచి వచ్చింది. ఎన్నడూ వేరు తగలని దానిలో మైకోరైజా ఉండదు, కుళ్లిన ఆకు ఉండదు. గుట్టల మీద మొక్కలు నాటుతున్నారు, నాటాలి కూడా. అయితే నాటిన మొక్కల లెక్కతో పాటు వేళ్లలో పొత్తు కుదిరిందా అన్న లెక్క కూడా ఉండాలి. తవ్వకం మొదలుపెట్టే ముందు పై మట్టిని విడిగా తీసి, ఏళ్ల తరబడి గుట్టగా వదిలేయకుండా త్వరగా మళ్లీ పరిస్తే అందులోని జీవం చాలావరకు దక్కుతుంది. ఇక్కడ, నర్సరీ దశలోనే శిలీంధ్రం పట్టించిన మొక్కలకు ఖర్చు పెట్టడంలో అర్థముంది.

చేలో చేయగలిగిన పనులు పెద్ద ఖర్చువి కావు. నేలలో వీలైనన్ని రోజులు బతికున్న వేరు ఉండాలన్నదే మూల సూత్రం. మొదటి వానకు జనుము, పిల్లిపెసర వేసినా ఆ పని జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచే పద్ధతిని వాడుతున్నారు, సరిహద్దుకు ఇటువైపు కూడా దాన్ని పరీక్షించి చూడవచ్చు. వేసవి దుక్కి తప్పనిసరని, పురుగుల కోశాలు, కలుపు వేళ్లు ఎండకు చస్తాయని విస్తరణ అధికారులు చెప్పే మాటలో సత్యముంది. కానీ ప్రతి చేనుకూ ప్రతి ఏటా లోతు దుక్కి అవసరమా అని అడగవచ్చు. పురుగు బెడద ఉన్నచోట దున్ని, లేనిచోట పైపైన సరిపెట్టడం మధ్యేమార్గం. మట్టిలో భాస్వరం ఎక్కువని తేలిన చేలో డీఏపీని తగ్గించడం, ఏక పంట మధ్య కంది సాలు తేవడం, క్యాబేజీ, ముల్లంగి లాంటివి తీసిన చేలో తర్వాత మొక్కజొన్నో జొన్నో వేసి శిలీంధ్రాన్ని మళ్లీ పెంచుకోవడం ఇదే దారిలోని మరికొన్ని అడుగులు.

ఇవి ఫలిస్తున్నాయో లేదో తెలియాలంటే కొలవాలి. 2015లో మొదలైన మట్టి ఆరోగ్య కార్డు మీద పన్నెండు అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్ నుంచి బోరాన్ దాకా. వాటిలో నేల జీవాన్ని చెప్పేది ఒక్కటీ లేదు. నిల్వ ఎంతుందో చెప్పే కార్డు, అది వేరుకు చేరుతోందా అన్నది చెప్పదు. ఈ పరీక్షకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. వేళ్లను క్షారంలో ఉడికించి, సిరా కలిపిన వెనిగర్‌తో రంగు పట్టించి, మామూలు సూక్ష్మదర్శిని కింద పెడితే శిలీంధ్రం కనిపిస్తుంది. 1998లో వెలువడిన ఈ సులువైన పద్ధతి డిగ్రీ కాలేజీ ప్రయోగశాలలో కూడా సాధ్యమే. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల, వైరా, కొత్తగూడెం కృషి విజ్ఞాన కేంద్రాలు ప్రతి మండలంలో కొన్ని చేలను, వాటిని ఆనుకున్న అడవి అంచును ఎంచుకుని ఏటా ఇలా వేళ్లు పరీక్షించి, ఫలితాన్ని మట్టి పరీక్షతో కలిపి రైతు చేతిలో పెట్టవచ్చు. అప్పుడు డీఏపీ ఎంత తగ్గించినా పర్వాలేదో, ఎక్కడ తగ్గించకూడదో ఊహతో కాకుండా లెక్కతో చెప్పగలుగుతాం. రైతును బస్తా మానేయమని అడిగే హక్కు ఎవరికైనా వచ్చేది ఆ లెక్క చూపించాకే.